మడత చాకు కొనేముందు వైజాగ్ వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

జేబులో పట్టే మంచి మడత చాకు ఒకటి కావాలి, అలాగని దానికి పది వేలు పెట్టడం ఇష్టం లేదు. ఇలా అనుకునేవాళ్ళ కోసం రాసిన జవాబులివి. చాకుల గురించి దొరికే సలహాల్లో ఎక్కువ భాగం చలిదేశాల్లో, పొడిగాలిలో ఉండేవాళ్ళు రాసినవే. వాటిని మన ఊరికి తెచ్చుకుంటే సగమే పనికొస్తాయి. ఇక్కడ పక్కనే సముద్రం, గాలిలో ఉప్పు, ఏడాదిలో ఎక్కువ నెలలు ఉక్కపోత. అందుకే ప్రతి జవాబూ ఆ ఉప్పుగాలిని లెక్కలో పెట్టుకునే రాశాను.

ఇంట్లో కత్తిపీట ఉంది, కత్తెర ఉంది. జేబులో చాకుతో ఏం పనండీ?

పార్సిల్ విప్పాలి, గోనెసంచి కుట్టు తెంచాలి, ప్లాస్టిక్ తాడు కోయాలి, రైల్లో జామకాయ ముక్కలు చేసి పిల్లలకి పెట్టాలి. ఇవన్నీ కత్తిపీట దగ్గర లేనప్పుడే వచ్చే పనులు. గాలం వేసే అలవాటున్నవాళ్ళకి దారం తెంచడానికి, ఎర కోయడానికి వెళ్ళిన ప్రతిసారీ కావాలి. అరకు, లంబసింగి వైపు బైకుల మీద వెళ్ళేవాళ్ళకి సామాను కట్టిన తాడు దగ్గర్నుంచి టిఫిన్ పొట్లం దాకా ఎక్కడో ఒకచోట అవసరం పడుతుంది.

ఇంకో కారణం కూడా ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను ఈ ఊరి మీదుగా పోయాక రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్న సంగతి ఇక్కడివాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. టార్చి, కొవ్వొత్తులు, అగ్గిపెట్టె, మందులు పెట్టుకునే సంచిలో ఒక చాకు కూడా ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. టార్పాలిన్ కట్టాలన్నా, చుట్టుకుపోయిన కేబుల్ తాళ్ళు కోయాలన్నా కత్తెర లొంగదు.

చేయలేని పనులు కూడా తెలుసుకోండి. కొబ్బరిబొండాం కొట్టడానికి, ఆవకాయకి టెంకతో సహా మామిడికాయ నరకడానికి, డబ్బా మూత పెకలించడానికి మడత చాకు పనికిరాదు. మడత ఉన్నచోటే దాని బలహీనత కూడా ఉంటుంది.

ఎంత పెట్టాలి?

1,500 నుంచి 4,000 రూపాయల మధ్య పెడితే చాలు. ఈ ధరలో పేరున్న స్టీలు, సరిగ్గా చేసిన హీట్ ట్రీట్‌మెంట్, తెరిచిన బ్లేడుని పట్టి ఉంచే నమ్మకమైన లాక్ మూడూ దొరుకుతాయి. రెండు మూడు వందలకి అమ్మే చాకుల్లో మొదట పోయేది హీట్ ట్రీట్‌మెంటే. బ్లేడుని ఎంత వేడికి కాల్చారు, ఎలా చల్లార్చారు, మళ్ళీ ఎంత వేడిలో పెట్టి పెళుసుతనం తగ్గించారు అన్నవి కంటికి కనిపించవు కాబట్టి అక్కడే మిగుల్చుకుంటారు. కొన్న రోజు అదీ బాగానే తెగుతుంది. నాలుగు అట్టపెట్టెలు కోశాక అంచు మడతపడిపోతుంది.

నాలుగు వేలు దాటాక వచ్చేది టైటానియం పిడి, లోహపు పొడిని ఒత్తి చేసే పౌడర్ స్టీలు, అందం. అవి ఇష్టంగా కొనుక్కునేవాళ్ళకి ఆనందమే. పండు కోసే చేతికి మాత్రం పెద్ద తేడా తెలియదు. నా సలహా ఏమిటంటే, అనుకున్న డబ్బులో ఒక ఐదారు వందలు పక్కన పెట్టి సానరాయి కొనండి. రాయి లేకుండా కొన్న నాలుగు వేల చాకు కంటే రాయితో పాటు కొన్న రెండు వేల చాకు ఏడాది తర్వాత బాగా తెగుతుంది.

వైజాగ్‌లో ఉండేవాళ్ళు ప్రత్యేకంగా ఏం చూసుకోవాలి?

తుప్పు. ముందు తుప్పు సంగతి, ఆ తర్వాతే మిగతావన్నీ.

బీచ్ రోడ్డు చుట్టుపక్కల ఇళ్ళలో కిటికీ గ్రిల్స్, గేటు బందులు, స్కూటర్ల మడ్‌గార్డులు ఎంత తొందరగా తినేస్తాయో చూస్తూనే ఉంటాం. చాకుకి కూడా అదే గాలి తగులుతుంది. ఇనుములో కనీసం 10.5 శాతం క్రోమియం కలిస్తే దాని పైన కంటికి ఆనని పొర ఒకటి కడుతుంది. గీత పడినా గాలి తగలగానే ఆ పొర మళ్ళీ కట్టుకుంటుంది. స్టెయిన్‌లెస్ అనే గుణం దానివల్లే వచ్చింది. ఉప్పులో ఉండే క్లోరైడ్ ఆ పొరని అక్కడక్కడ పొడిచేస్తుంది. అందుకే సముద్రపు ఊళ్ళలో స్టెయిన్‌లెస్ బ్లేడు మీద కూడా సన్నటి నల్లచుక్కలు వస్తాయి. చుక్కగా మొదలైంది గుంటగా లోపలికి దిగుతుంది. ఆ గుంట అంచు మీద పడితే పదును అక్కడే విరుగుతుంది.

చెమట కూడా ఉప్పునీరే. మే నెలలో ప్యాంటు జేబులో రోజంతా ఉన్న చాకు, బీచ్‌లో ఓ గంట తిరిగిన చాకు కంటే ఎక్కువ ఉప్పు తాగుతుంది.

చాలామంది బ్లేడు ఒక్కటే చూస్తారు. లోపల బ్లేడు తిరిగే ఇరుసు ఉంది, వాషర్లు ఉన్నాయి, లాక్ స్ప్రింగ్ ఉంది, మరలు ఉన్నాయి. బ్లేడు మెరుస్తూ ఉండగానే లోపలి స్ప్రింగ్ తుప్పు పట్టి బిగుసుకుపోయిన చాకులు ఈ ఊళ్ళో మామూలే. అందుకని లోపలి రేకులు కూడా స్టెయిన్‌లెస్ అని రాసి ఉందో లేదో చూడండి. పిడి వెన్ను వైపు తెరిచి ఉండి, అవతలి వెలుతురు కనిపించే రకం ఇక్కడికి బాగా నప్పుతుంది. పంపు కింద పెడితే నీళ్ళు ఇటు పోస్తే అటు పోతాయి, తొందరగా ఆరుతుంది. పూర్తిగా మూసేసిన పిడిలో తడి రోజుల తరబడి నిలిచిపోతుంది.

స్టీలు పేర్లు చూస్తే తల తిరుగుతోంది. ఏది తీసుకోవాలి?

మన బడ్జెట్‌లో ఎదురయ్యే పేర్లు అరడజను దాటవు. వాటిని తుప్పు లెక్కన చూద్దాం.

14సీ28ఎన్ అని రాసి ఉంటే సంతోషంగా తీసుకోండి. ఇది స్వీడన్ స్టీలు. శాండ్విక్ పేరుతో వచ్చేది, 2022 నుంచి ఆ విభాగం అల్లీమా అనే పేరుతో నడుస్తోంది. ఇందులో సుమారు 14 శాతం క్రోమియం, 0.62 శాతం కార్బన్, కొద్దిగా నైట్రోజన్ ఉంటాయి. నైట్రోజన్ కలపడం వల్ల క్రోమియంని తగ్గించకుండానే గట్టిదనం తేగలిగారు. పదును సన్నగా వస్తుంది, మామూలు రాయి మీద సులువుగా లొంగుతుంది, తుప్పుకి బాగా ఆగుతుంది. ఈ ధరలో, ఈ ఊరికి నా మొదటి ఓటు దీనికే. చైనాలో తయారయ్యే రుయికే, సివివి కంపెనీల చాకుల్లో కూడా ఇది కనిపిస్తుంది.

12సీ27 దాని అన్నలాంటిది. ఫ్రాన్స్‌లో తయారయ్యే ఒపినెల్ స్టెయిన్‌లెస్ చాకుల్లో వాడతారు. అదీ మంచిదే.

8సీఆర్13ఎంఓవీ చైనా స్టీలు. పేరులోనే లెక్క ఉంది: సుమారు 0.8 శాతం కార్బన్, 13 శాతం క్రోమియం. ధరకి తగ్గ పని చేస్తుంది, తుడుచుకుంటూ ఉంటే చాలు. జపాన్ ఆస్-8 కూడా దాదాపు ఇదే కోవ. 420హెచ్‌సీ అమెరికాలో బక్ కంపెనీ ఎక్కువగా వాడే స్టీలు. పదును కాస్త ముందే తగ్గుతుంది గానీ తుప్పు విషయంలో ధైర్యంగా ఉండొచ్చు.

డీ2 దగ్గర ఆగండి. దీని గురించి చాలామంది గొప్పగా చెబుతారు. పదును ఎక్కువ కాలం నిలుస్తుందన్న మాట నిజమే. కానీ ఇందులో కార్బన్ 1.5 శాతం దాకా ఉంటుంది. క్రోమియం 12 శాతం ఉన్నా, దానిలో చాలా భాగం ఆ కార్బన్‌తో కలిసి గట్టి రేణువులుగా మారిపోతుంది. పైపొర కట్టడానికి మిగిలేది తక్కువ. హైదరాబాద్‌లో ఉండే మీ అన్నయ్య డీ2 చాకు బ్రహ్మాండం అంటే ఆయన అబద్ధం చెప్పట్లేదు, ఆయనకి సముద్రం లేదు. ఎంవీపీ కాలనీలోనో, పెదవాల్తేరులోనో ఉండేవాళ్ళు మాత్రం వారానికోసారి నూనె రాసే ఓపిక ఉంటేనే డీ2 కొనాలి.

కార్బన్ స్టీలు ఇంకా మొండిది. పచ్చిమామిడికాయ ఒకటి కోసి తుడవకుండా వదిలేస్తే టీ తాగి వచ్చేసరికి బ్లేడు నల్లబడుతుంది. దానికీ అభిమానులున్నారు, అంత చక్కగా పదును ఎక్కే స్టీలు అరుదు. మొదటి చాకుగా మాత్రం వద్దు.

ఒట్టి "స్టెయిన్‌లెస్ స్టీల్" అని మాత్రమే రాసి, ఏ రకమో చెప్పకపోతే అది మెత్తటి రకమేనని అనుకోండి. మంచి స్టీలు వాడినవాడు దాని పేరు బ్లేడు మీద చెక్కుకుంటాడు.

హెచ్‌ఆర్‌సీ అంటే ఏమిటి? ఎక్కువ ఉంటే మంచిదా?

రాక్‌వెల్ అనే కొలతలో గట్టిదనం అంకె అది. స్విట్జర్లాండ్ కంపెనీ విక్టోరినాక్స్ చాకులు సుమారు 55 నుంచి 56, ఒపినెల్ స్టెయిన్‌లెస్ 57 చుట్టుపక్కల, 14సీ28ఎన్ చాకులు 58 నుంచి 60 మధ్య వస్తాయి. అంకె పెరిగితే పదును ఎక్కువ రోజులు నిలుస్తుంది, అంచు పెళుసుగా కూడా మారుతుంది, సానపట్టడానికి ఎక్కువ సేపు పడుతుంది. 56 నుంచి 60 మధ్య ఏదైనా సరే. దానికోసం టెన్షన్ పడకండి.

లాక్ ఉన్నది కొనాలా, లేనిదా? ఏ లాక్ మంచిది?

లాక్ లేని చాకు పండ్లు కోయడానికి, కవర్లు చించడానికి చాలు. స్ప్రింగ్ బలంతో తెరుచుకుని నిలబడుతుంది. మొనతో గుచ్చే పని చేస్తే మాత్రం వేళ్ళ మీదకి మూసుకునే ప్రమాదం ఉంది. తాళ్ళు, అట్టలు, కర్రముక్కలు కోసేవాళ్ళు లాక్ ఉన్నదే తీసుకోవాలి.

లాకుల్లో మనకి ఎక్కువగా కనిపించేవి నాలుగు. పిడి లోపలి రేకు వంగి వచ్చి బ్లేడు మడమ (ఇరుసు వైపు మొదలు) కింద ఆనేది లైనర్ లాక్. చవకగా, తేలికగా ఉంటుంది, ఒక్క చేత్తో మూయొచ్చు. కొనేటప్పుడు ఆ రేకు ఎక్కడ ఆనుతోందో చూడండి. బ్లేడు మడమలో పావు వంతు నుంచి సగం దాకా వచ్చి ఆగాలి. అంచు మీద కొద్దిగా తగిలి ఆగితే జారిపోతుంది, అవతలి చివరికి పోయి ఆనితే అప్పుడే అరిగిందని అర్థం. పిడి పక్కే లాకుగా పనిచేసేది ఫ్రేమ్ లాక్. అదీ ఇదే పద్ధతి, రేకు మందంగా ఉంటుంది కాబట్టి ఇంకాస్త గట్టి.

వెన్ను మీద నొక్కితే వదిలేది బ్యాక్ లాక్. 1964లో వచ్చిన బక్ 110తో ఇది ప్రపంచమంతా తెలిసింది. బలమైనది, నమ్మకమైనది. మన ఊరికి దీనితో ఒక చిక్కు ఉంది. వెన్ను మూసి ఉంటుంది కాబట్టి లోపల ఇసుక, తడి చేరితే కడగడం కష్టం.

అడ్డంగా ఒక చిన్న కడ్డీ జరిగి బ్లేడుని పట్టి ఉంచేది క్రాస్‌బార్ లాక్. 1998లో బెంచ్‌మేడ్ కంపెనీ దీన్ని యాక్సిస్ లాక్ పేరుతో తెచ్చింది. పేటెంట్ గడువు తీరాక మిగతా కంపెనీలు కూడా చేయడం మొదలుపెట్టి మన బడ్జెట్‌లోకి దిగింది. వేళ్ళు బ్లేడు దారిలోకి రాకుండా మూయొచ్చు, కుడిచేతివాళ్ళకీ ఎడమచేతివాళ్ళకీ ఒకేలా పనిచేస్తుంది. లోపల వెంట్రుకంత సన్నటి స్ప్రింగులు రెండు ఉంటాయి, అవి తుప్పు పడితే లాక్ బలం పోతుంది. కడిగి ఆరబెట్టి ఒక చుక్క నూనె వేసే అలవాటుంటే నిశ్చింతగా తీసుకోండి.

ఏ లాక్ అయినా సరే, వెన్ను మీద బలంగా కొట్టి పరీక్షించకండి. మంచి లాకుని కూడా అది పాడు చేస్తుంది. తెరిచిన బ్లేడు వెన్నుని బల్ల అంచుకి ఆనించి, వేళ్ళు బ్లేడు దారిలో లేకుండా పట్టుకుని, నెమ్మదిగా ఒత్తిడి పెంచి చూస్తే సరిపోతుంది.

బ్లేడు ఎంత పొడవు ఉండాలి?

7 నుంచి 8.5 సెంటీమీటర్లు. యాపిల్ కోయడానికి 7 చాలు, బొప్పాయి, పుచ్చకాయ ముక్క లాంటివి కోసేవాళ్ళకి 8.5 హాయిగా ఉంటుంది. మొన కాస్త కిందికి దిగి ఉండే డ్రాప్ పాయింట్ ఆకారం అన్ని పనులకీ నప్పుతుంది. రంపపు పళ్ళున్న బ్లేడు పడవ తాళ్ళు కోసేవాళ్ళకి బాగుంటుంది, ఇంట్లో దాన్ని సానపట్టడం కష్టం. మందం 3 మిల్లీమీటర్లు దాటితే ఉల్లిపాయ తెగే బదులు పగులుతుంది.

పిడి ఏది మంచిది? చెక్క పిడి అందంగా ఉంది కదా?

అందంగానే ఉంటుంది. వానాకాలంలో ఉబ్బుతుంది కూడా. బీచ్ అనే చెట్టు చెక్కతో చేసే ఒపినెల్ పిడి దీనికి పేరుమోసింది. గాలిలో తేమ పెరిగాక బ్లేడు బిగుసుకుపోయి గోరుతో లాగినా రాదు. దాని సొంత ఊరు, ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతంలో పిడి చివరని బల్లకి ఒక్కసారి కొట్టి బ్లేడు మొదలు బయటికి రప్పిస్తారు, ఆ చిట్కా ఇక్కడా పనిచేస్తుంది. ఎండిన పిడి గాడిలో సన్నని గరుకు కాగితం మడిచి రెండుమూడుసార్లు లాగి, తర్వాత అవిసెనూనె పట్టిస్తే బాధ చాలావరకు తగ్గుతుంది.

అంత శ్రమ వద్దనుకుంటే జీ10 తీసుకోండి. గాజుబట్టని రెసిన్‌తో కలిపి ఒత్తిన పలక అది. తడిచేతికి జారదు, ఉబ్బదు, చెమట పీల్చదు. గాజుపీచు కలిపిన నైలాన్ పిడి చవక, అదీ ఇక్కడికి బాగానే సరిపోతుంది. నున్నటి స్టీలు పిడి చూడ్డానికి బరువుగా, ఖరీదుగా అనిపిస్తుంది గానీ చేపల చేతిలో జారుతుంది.

ఒపినెల్ కొనాలా, విక్టోరినాక్స్ కొనాలా?

ఎక్కువమంది అడిగేది ఇదే. రెండూ మన బడ్జెట్‌లో వచ్చేవే, రెండూ వందేళ్ళు దాటిన కంపెనీలే. ఒపినెల్ 1890లో ఫ్రాన్స్‌లో మొదలైంది. విక్టోరినాక్స్ 1884లో స్విట్జర్లాండ్‌లో మొదలై 1891లో స్విస్ సైన్యానికి చాకులిచ్చింది.

ఒపినెల్ 8వ నంబరు బ్లేడు 8.5 సెంటీమీటర్లు. మొత్తం బరువు 50 గ్రాములు కూడా ఉండదు. బ్లేడు చాలా పల్చన, అందుకే పండు, కూరగాయ, రొట్టె కోయడంలో దానితో ఖరీదైన చాకులు కూడా పోటీపడలేవు. మెడ దగ్గర తిప్పే ఉంగరమే లాక్, 1955 నుంచి ఉంది. కాకపోతే రెండు చేతులూ కావాలి, చెక్క సంగతి పైన చెప్పాను. కొంటే స్టెయిన్‌లెస్ రకమే కొనండి, కార్బన్ రకం కూడా అదే ఆకారంలో అమ్ముతారు.

విక్టోరినాక్స్ స్పార్టన్‌లో పెద్ద బ్లేడు, చిన్న బ్లేడు, డబ్బా ఓపెనర్, సీసా ఓపెనర్, కంతలు పొడిచే మొన, కార్క్ తీసేది ఉంటాయి. లాక్ ఉండదు. స్టీలు మెత్తనే, రాయి మీద కాసేపట్లోనే మళ్ళీ పదును ఎక్కుతుంది. తుప్పుకి మాత్రం మహా ఓర్చుకుంటుంది. కొని మరిచిపోయి బీరువాలో పడేసేవాళ్ళకి, తుఫాను సంచిలో పెట్టేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. వంటకీ తిండికీ అయితే ఒపినెల్. తాళ్ళు, అట్టలు, బయటి పనులైతే 14సీ28ఎన్ బ్లేడు, జీ10 పిడి ఉన్న లాక్ చాకు.

జేబులో పెట్టుకు తిరిగితే పోలీసులు పట్టుకుంటారా?

1959 ఆయుధాల చట్టం కింద వచ్చిన 2016 నియమాల్లో, బ్లేడు 9 అంగుళాల కంటే పొడవు గానీ 2 అంగుళాల కంటే వెడల్పు గానీ ఉన్న కత్తుల్ని ఆయుధాల జాబితాలో చేర్చారు. ఇంటిపనికి, వ్యవసాయానికి, శాస్త్ర, పరిశ్రమ అవసరాలకి చేసినవి దానికి మినహాయింపు. మనం మాట్లాడుకునే చాకు మూడు, మూడున్నర అంగుళాలది.

ఆ మాటతో అన్నిచోట్లకీ తీసుకెళ్ళొచ్చని అనుకోకండి. విమానం క్యాబిన్‌లోకి చాకు రానివ్వరు, చెక్-ఇన్ సామానులో పెట్టాలి. స్టీల్ ప్లాంట్ గేటు, పోర్టు, నేవీ ప్రాంతాలు, కోర్టు, గుళ్ళో క్యూ, మాల్, సినిమాహాలు ఇలాంటి చోట్లకి వెళ్ళేరోజు ఇంట్లోనే ఉంచేయండి. ఎన్నికలప్పుడు, గొడవలప్పుడు పెట్టే 144 సెక్షన్ గుర్తుందిగా, 2024 జూలై నుంచి అది కొత్త చట్టంలో 163వ సెక్షన్ అయింది. ఆ ఉత్తర్వులున్న రోజుల్లో చాకు బయటికి తేవద్దు.

ఢిల్లీ వెళ్ళేవాళ్ళకి ఒక హెచ్చరిక. అక్కడ 1980 నాటి నోటిఫికేషన్ ఒకటి అమల్లో ఉంది. బొత్తాంతో, స్ప్రింగ్‌తో లేదా మరో యాంత్రిక పద్ధతిలో తెరుచుకునే, మూసుకునే చాకు బ్లేడు 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు లేదా అంతకు మించి ఉంటే కేసు పెడతారు.

బొత్తాం నొక్కితే టక్కున తెరుచుకునే చాకు కొనొచ్చా?

వద్దు. చూసినవాళ్ళు భయపడతారు, పోలీసుల కంట్లో అది పనిముట్టులా ఉండదు. పైగా లోపలి స్ప్రింగ్ మన గాలికి ముందుగా పోయే భాగం. పుర్రె బొమ్మలు, నల్లరంగు పూత, రంపపు వెన్ను ఉన్నవాటిని కూడా వదిలేయండి. కూరగాయల సంచి తాడు కోసుకునే మనిషి చేతిలో చాకు చూసి పక్కవాళ్ళు వెనక్కి జరగకూడదు.

కొట్టులో చేతికిచ్చినప్పుడు ఏం చూడాలి?

పూర్ణామార్కెట్ వైపు హార్డ్‌వేర్ కొట్లలో గానీ, జగదాంబ దగ్గర గానీ అడిగితే చూపించేవాళ్ళుంటే తప్పకుండా చేత్తో పట్టుకుని చూడండి. ఆన్‌లైన్‌లో తెప్పించినా తిరిగి పంపే గడువు అయ్యేలోపు ఇవే పరీక్షలు చేయండి.

మూసి ఉన్నప్పుడు పైనుంచి చూడండి, బ్లేడు రెండు పక్కల మధ్యలో ఉండాలి. ఒక పక్కకి రాసుకుంటే ఇరుసు వంకరగా ఉందన్నమాట. తెరిచి, మొన దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని పక్కలకి ఊపండి. పక్క ఊపు ఇరుసు మర బిగిస్తే పోవచ్చు. పైకీ కిందకీ ఊగితే లాక్ సరిగా కూర్చోలేదని అర్థం, ఆ చాకు వద్దు. మూసిన చాకుని తలకిందులు చేసి మణికట్టుతో నెమ్మదిగా విదిలించండి, బ్లేడు దానంతటది బయటికి రాకూడదు. జేబులో తెరుచుకునే చాకు కంటే ప్రమాదకరమైనది లేదు.

తర్వాత అంచు. వెలుతురులో పెట్టి రెండు పక్కలా సాన గీత మడమ నుంచి మొన దాకా ఒకే వెడల్పులో ఉందా చూడండి. ఒక పక్క వెడల్పు, ఒక పక్క సన్నం ఉంటే సానపట్టిన ప్రతిసారీ మీకే తిప్పలు. అంచుని ఎదురుగా పట్టుకుంటే దాని మీద వెలుతురు మెరవకూడదు. మెరిసిన చోటల్లా మొద్దుబారిందని గుర్తు.

చివరగా అరచేతిలో గట్టిగా పిడికిలి బిగించి పట్టుకోండి. ఎక్కడైనా గుచ్చుకుంటే, పది నిమిషాల పనికి అక్కడే బొబ్బ వస్తుంది. అంకెలన్నీ బాగున్నా ఈ ఒక్కటి కుదరకపోతే కొనకండి.

నకిలీ అని ఎలా తెలుస్తుంది?

విక్టోరినాక్స్ అసలుదైతే పెద్ద బ్లేడు మొదట్లో కంపెనీ పేరు, స్విస్ మేడ్ అన్న ముద్ర శుభ్రంగా ఉంటాయి. పొరల మధ్య సందులుండవు, ప్రతి పనిముట్టూ టక్ మని ఒకే బిగువుతో తెరుచుకుంటుంది. నకిలీలో ముద్ర అలికినట్టుంటుంది, వెలుతురుకి పట్టుకుంటే పొరల మధ్య సందు కనిపిస్తుంది. డమాస్కస్ (పొరలు పొరలుగా కలిపి కొట్టిన స్టీలు) అని అలల గీతలతో వెయ్యి రూపాయలకి అమ్మేవాటిలో చాలావరకు పైపైన ముద్రించిన బొమ్మే. అసలు ధరలో సగానికి ఇస్తామంటే బేరం కుదిరిందని సంబరపడకండి.

పదును ఇంట్లోనే పెట్టుకోవచ్చా? సానపట్టేవాళ్ళకి ఇస్తే?

వీధిలో సైకిలు తొక్కుతూ సానపట్టేవాళ్ళు కత్తిపీటలకీ కత్తెరలకీ మంచి పని చేస్తారు. పల్చటి చాకు బ్లేడుకి ఆ చక్రం ఎక్కువ. నీళ్ళు లేకుండా తిరిగే చక్రం మీద అంచు క్షణంలో వేడెక్కుతుంది. అంచు నీలిరంగు తిరిగిందంటే అక్కడ గట్టిదనం పోయినట్టే, అంతమేరా అరగదీస్తే తప్ప తిరిగి రాదు. రెండు వైపులా లాగే చిన్న ప్లాస్టిక్ సానలు కూడా అంచుని చెక్కేస్తాయి.

రెండు వైపుల రాయి ఒకటి కొనండి, ఒక వైపు 400, ఇంకో వైపు 1000 గరుకు ఉంటే చాలు. రాయిని పది నిమిషాలు నీళ్ళలో నానబెట్టి, తడిబట్ట మీద కదలకుండా పెట్టండి. కోణం సుమారు 20 డిగ్రీలు. కాగితం మూలని సగానికి మడిస్తే 45, మళ్ళీ సగానికి మడిస్తే 22న్నర, కంటికి అలవాటు కావడానికి అది చాలు. రెండు సెంటీమీటర్ల వెడల్పు బ్లేడైతే వెన్ను రాయి నుంచి 7 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి.

ఒకే పక్కని మడమ నుంచి మొన దాకా రాస్తూ పోండి. కొంతసేపటికి అవతలి పక్క నుంచి అంచుకి అడ్డంగా, బయటి వైపుకి వేలిని లాగితే సన్నటి గరుకు తగులుతుంది. ఆ గరుకు అంచు మొత్తం తగిలేదాకా పక్క మార్చకండి. చాలామందికి పదును రాకపోవడానికి కారణం ఇక్కడ తొందరపడటమే. తర్వాత రెండో పక్క అలాగే. ఆపైన 1000 వైపు తిప్పి, ఒత్తిడి తగ్గించుకుంటూ పక్కలు మార్చి మార్చి రాయండి. చివర్లో పాత తోలు బెల్టు మీద అంచుని వెనక్కి లాగుతూ ఒక పది పదిహేనుసార్లు. వార్తాపత్రిక కాగితం గాలిలో పట్టుకుంటే చిరగకుండా తెగాలి.

రాయి దగ్గర లేకపోతే పింగాణీ కప్పు అడుగున మెరుపు పూత లేని గరుకు అంచు ఉంటుంది. దాని మీద నాలుగుసార్లు రాస్తే ఆ పూటకి గడుస్తుంది.

ఏ నూనె రాయాలి? కొబ్బరినూనె సరిపోతుందా?

బ్లేడుకి కొబ్బరినూనె ఫరవాలేదు, తిండి తగిలినా బాధ లేదు. ఇరుసులో మాత్రం వేయకండి. లంబసింగి చలికి గడ్డకడుతుంది, వేసవిలో దుమ్ముతో కలిసి మడ్డిగా మారుతుంది. నువ్వులనూనె, పొద్దుతిరుగుడు నూనె జిగురు కడతాయి. ఇరుసుకి కుట్టుమిషను నూనె ఒక చుక్క మంచిది. పండ్లు కోసే చాకైతే మందులషాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ బ్లేడుకీ ఇరుసుకీ రెంటికీ పనికొస్తుంది.

పనస తొనలు వలిచేటప్పుడు చేతికి నూనె రాసుకున్నట్టే బ్లేడుకీ రాసుకుంటే జిగురు పట్టదు. పట్టేస్తే కొబ్బరినూనెతో తుడిస్తే వదులుతుంది.

బీచ్‌లో ఇసుకలో పడింది, ఉప్పునీళ్ళలో తడిసింది. ఇప్పుడేం చేయాలి?

అదేరోజు కడగాలి, మర్నాటికి వాయిదా వేయొద్దు. ఇసుక ఉన్నప్పుడు పదేపదే తెరిచి మూయకండి, వాషర్లు గీసుకుపోతాయి. తెరిచి ఉంచి పంపు కింద మంచినీళ్ళు ధారగా పోయనివ్వండి. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క, పాత టూత్‌బ్రష్‌తో ఇరుసు దగ్గర రుద్దండి. బట్టతో తుడిచి ఫ్యాన్ కింద తెరిచే ఆరబెట్టి, పూర్తిగా ఆరాక నూనె వేయండి. తోలు సంచిలో మాత్రం దాచకండి, తోలు తేమని పట్టి ఉంచుతుంది.

దసరాకి ఆయుధపూజలో పెట్టొచ్చా?

ఎందుకు పెట్టకూడదు, మనకి అన్నం పెట్టే పనిముట్లన్నీ అక్కడే ఉంటాయి. తడిపిన పసుపు, కుంకుమ బ్లేడు మీద రాత్రంతా ఉంటే కార్బన్ స్టీలు మీద మచ్చ పడుతుంది. బొట్టు పిడికి పెట్టండి, లేదా పూజయ్యాక తుడిచి నూనె రాయండి.

పిల్లలకి ఎప్పుడు ఇవ్వాలి?

వయసు కంటే బుద్ధి చూడండి. మొదట మీ పక్కన కూర్చోబెట్టుకుని లాక్ ఉన్నదానితోనే అరటిపండు, కీరా కోయించండి. కోసే దారిలో రెండో చెయ్యి ఉండకూడదు, నడుస్తూ తెరవకూడదు, మూసే ముందు వేళ్ళెక్కడున్నాయో చూసుకోవాలి. ఇంకొకరికి ఇచ్చేటప్పుడు మూసి బల్ల మీద పెట్టాలి, వాళ్ళు తీసుకోవాలి. ఉప్పూ కత్తీ చేతికివ్వకూడదని మన పెద్దవాళ్ళు అనేమాట ఈ విషయంలో అక్షరాలా పాటించండి. మొద్దు చాకు ఇస్తే క్షేమం అనుకోవద్దు. మొద్దుదానికి బలం ఎక్కువ పెడతారు, జారేది అప్పుడే.

ఇరుసు వదులైంది. వారంటీకి పంపాలా?

ముందు మర చూడండి. చాలా చాకులకి ఆరు కోణాల నక్షత్రం గుర్తున్న టార్క్స్ మరలు ఉంటాయి. టీ6, టీ8 సైజులు దగ్గరుంటే ఎక్కువ చాకులకి సరిపోతాయి. పావు తిప్పు కంటే తక్కువగా బిగిస్తూ, పక్క ఊపు పోయి బ్లేడు ఇంకా సులువుగా కదిలే చోట ఆపండి. మళ్ళీ మళ్ళీ వదులవుతుంటే మర తీసి, కాసింత నీలిరంగు థ్రెడ్ లాకర్ (మర వదులవకుండా పట్టే జిగురు) రాసి బిగించండి. ఎర్రరంగుది వాడితే తర్వాత వేడి చేస్తే గానీ ఊడదు. విక్టోరినాక్స్, ఒపినెల్ లాంటివాటికి రివెట్లు ఉంటాయి, వాటిని మీరు ముట్టుకోవద్దు. వారంటీ తయారీ లోపాలకే వర్తిస్తుంది. డబ్బా మూత తీస్తూ విరిచిన మొనకి, పట్టించుకోక పట్టిన తుప్పుకి రాదు. పంపేటప్పుడు బిల్లు ఫోటో జతచేసి, బ్లేడు మూసి, లాక్ చుట్టూ టేపు వేసి, గట్టి అట్టపెట్టెలో పెట్టి పంపండి.